తీసుకోవడమా, పొందడమా: బాప్తిస్మపు నీళ్ళలో మాట ఎవరిది?

తెలుగు క్రైస్తవుల నోట బాప్తిస్మానికి మూడు క్రియలు వినిపిస్తాయి. ‘మా అబ్బాయి బాప్తిస్మం తీసుకున్నాడు’ అంటారు బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలవాళ్ళు. ‘పాపకి జ్ఞానస్నానం ఇప్పించాం’ అంటారు కథోలికులు. సంఘ రిజిస్టరులోనూ బైబిల్లోనూ ఎక్కువగా కనిపించేది ‘పొందుట’. తీసుకోవడం, ఇప్పించడం, పొందడం. వాడుకలో తేడా అంతేగా అనిపిస్తుంది కానీ, రెండు వేల ఏళ్ళలో సంఘాలను విడదీసిన గీతలు దాదాపుగా ఈ మూడు క్రియల మధ్యనే పడ్డాయి. తలమీద చిలకరించాలా, నిలువునా ముంచాలా, పసిబిడ్డకు ఇవ్వొచ్చా, ఒకసారి అయినవాళ్ళకు మళ్ళీ ఇవ్వొచ్చా అనే తగాదాల అడుగున ఉన్న ప్రశ్న ఒకటే: ఆ నీళ్ళ దగ్గర మాట ఇస్తున్నది దేవుడా, మనిషా?

‘బాప్తిస్మం’ గ్రీకు మాట. ముంచడం దాని అర్థం. ఓడ నీట మునిగిందని చెప్పడానికి కూడా గ్రీకులు ఆ క్రియే వాడారు. తెలుగు ప్రొటెస్టెంటు బైబిలు ఆ మాటకు అర్థం రాయకుండా గ్రీకు శబ్దాన్నే ఉంచేసింది. దాంతో ముంచే సంఘమూ చిలకరించే సంఘమూ ఒకే బైబిలు పట్టుకుని కూర్చోగలిగాయి. ఇది చిన్న విషయమేం కాదు. 1830లలో బెంగాలీ కొత్త నిబంధనలో బాప్టిస్టు మిషనరీలు ‘ముంచుట’ అనే అర్థమొచ్చే మాట వేస్తే, ఆ ముద్రణకు సాయం చేయడానికి బైబిలు సొసైటీ ఒప్పుకోలేదు. కథోలికులు వాడే ‘జ్ఞానస్నానం’ తమిళంలోనూ ఉన్న మాట. వినడానికి అది భారతీయ కల్పనలా ఉంటుంది గానీ, రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే క్రైస్తవ రచయిత ఈ స్నానాన్ని ‘వెలుగు పొందడం’ అని పిలుస్తారని రాశాడు. అంటే మన మాట పాత గ్రీకు వాడుకకు ఎక్కడో చుట్టమే.

నీళ్ళలో మునిగి శుద్ధి కావడం క్రైస్తవం కనిపెట్టింది కాదు. యూదులకు ‘మిక్వే’ అనే శుద్ధి కొలనులు ఉండేవి. యెరూషలేములో దేవాలయం చుట్టుపక్కల తవ్వకాల్లో అలాంటివి చాలా బయటపడ్డాయి. అయితే మిక్వేలోకి మనిషి తనంతట తానే దిగి, తానే మునిగి, తానే లేస్తాడు. పాత నిబంధనలో సిరియా సేనాని నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగింది కూడా తనంతట తానే. యోహాను దగ్గర ఇది మారింది. యొర్దాను ఒడ్డున జనం తమంతట తాము మునగలేదు, ఆయన చేత ముంచబడ్డారు. ఆయనకు ‘బాప్తిస్మమిచ్చు యోహాను’ అన్న పేరు రావడానికి కారణం అదే. ఒకరు ఇవ్వాలి, ఇంకొకరు పొందాలి. ఈ చిన్న మార్పు దగ్గరే క్రైస్తవ బాప్తిస్మం మొదలవుతుంది. నా పాపం నేను కడుక్కోలేను అన్న సంగతిని శరీరమే చెబుతుంది, మరో మనిషి చేతుల్లోకి వెనక్కి వాలడం ద్వారా.

అందుకే యేసు బాప్తిస్మం మొదటి నుంచీ వ్యాఖ్యాతలకు చిక్కుముడి. పాపం లేనివాడు మారుమనస్సు బాప్తిస్మం ఎందుకు పొందాలి? యోహానే వద్దన్నాడని మత్తయి సువార్త చెబుతుంది. క్రైస్తవ సంప్రదాయం ఇచ్చే జవాబు ఇది: పాపుల వరుసలో నిలబడడానికే ఆయన వచ్చాడు. ఆ సన్నివేశంలో ఇంకొకటి గమనించాలి. నీళ్ళలోంచి లేచినప్పుడు యేసు ఏ ఒప్పుకోలూ చెప్పలేదు. మాట వచ్చింది పైనుంచి, ‘ఈయనే నా ప్రియ కుమారుడు’ అని. పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చే సంఘాల వాదమంతా ఈ స్వరంలో ఉంది. అదే నదిలో అంతకుముందు జనం తమ పాపాలు ఒప్పుకుంటూ దిగారని కూడా అదే అధ్యాయం చెబుతుంది. పెద్దవాళ్ళకే ఇచ్చే సంఘాల వాదం ఆ వాక్యంలో ఉంది.

నీళ్ళంటే కడగడం అని ఎవరికైనా తడుతుంది. అపొస్తలుడైన పౌలు దాన్ని ఇంకో దారిలోకి తిప్పాడు. రోమీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఆయన వాడిన మాట కడగబడడం కాదు, ‘పాతిపెట్టబడడం’. క్రీస్తుతో కూడా సమాధి చేయబడి, ఆయన లేపబడినట్టే కొత్త బతుకులోకి లేవడం. నీళ్ళు ఇక్కడ సమాధి. మునిగిన ఆ రెండు క్షణాలూ ఊపిరి ఆగుతుంది. తెలుగు సంఘాల్లో కాపరి ఒక చేత్తో వీపు పట్టుకుని వెనక్కి వాల్చి ముంచడం చూసినవాళ్ళకు శవాన్ని గోతిలోకి దించే భంగిమ గుర్తుకు రాకపోదు. పాత నిబంధనలోంచి ఈ వరుసలో చూపించే సంఘటనలు కూడా అలాంటివే. నోవహు జలప్రళయాన్ని పేతురు పత్రిక బాప్తిస్మంతో పోల్చింది, ఎర్రసముద్రం దాటడాన్ని పౌలు పోల్చాడు. రెండింటిలోనూ నీళ్ళు ఒకరిని ముంచాయి, ఇంకొకరిని దాటించాయి. బాప్తిస్మాన్ని కేవలం స్నానంగా చూసే ప్రసంగాలకు ఈ భయం అందదు. స్నానం రోజూ చేయొచ్చు. చావు ఒక్కసారే. దాదాపు అన్ని సంఘాలూ ‘బాప్తిస్మం ఒక్కటే’ అని పట్టుబట్టడానికి మూలం ఇక్కడుంది, ఏది ఆ ఒక్కటి అన్న దగ్గర పోట్లాడుకున్నా సరే.

మరి నీళ్ళెన్ని? తొలి సంఘం ఈ విషయంలో నేటి కరపత్రాల కంటే చాలా తేలిగ్గా ఉంది. మొదటి శతాబ్దం చివర లేదా రెండో శతాబ్దం మొదట్లో రాసినట్టు పండితులు చెప్పే ‘దిదఖే’ అనే చిన్న బోధనా గ్రంథం పారే నీళ్ళలో ఇమ్మంటుంది. పారే నీళ్ళు లేకపోతే వేరే నీళ్ళు, చన్నీళ్ళు కుదరకపోతే వేణ్ణీళ్ళు, అవీ తగినన్ని లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తలమీద మూడుసార్లు పోయమంటుంది. పొందేవాడు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలని మాత్రం గట్టిగా చెబుతుంది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున డూరా యూరోపోస్ అనే ఊళ్ళో 256కు ముందు వాడిన బాప్తిస్మపు గది బయటపడింది. తొట్టి లోతు మూడడుగులు. గోడమీద చిత్రాల్లో కొందరు స్త్రీలు నడిచి వస్తున్నారు. వాళ్ళు యేసు సమాధి దగ్గరికి వస్తున్న స్త్రీలేనని చాలామంది చెబుతారు. అదే నిజమైతే పౌలు చెప్పిన సమాధి ఆ గదిలో గోడకెక్కిందన్నమాట.

పెద్ద చీలిక పసిపిల్లల దగ్గర వచ్చింది. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో బాప్తిస్మం మీద విడిగా ఒక గ్రంథం రాసిన టెర్టూలియన్ పిల్లలకు తొందరపడవద్దని సలహా ఇచ్చాడు. వద్దన్నాడంటే అప్పటికే ఇస్తున్నారని అర్థం. నాలుగో శతాబ్దంలో ఇంకో వింత అలవాటు నడిచింది. బాప్తిస్మం తర్వాత చేసిన పాపాలకు గతేమిటన్న భయంతో దాన్ని వాయిదా వేసేవారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్య మీదే బాప్తిస్మం పొందాడు. తర్వాతి కాలంలో పెద్ద వేదాంతి అయిన అగస్టీను చిన్నప్పుడు జబ్బుపడితే ఇప్పించబోయి, తగ్గగానే మానుకున్నారు. చివరికి 387 ఈస్టరు రాత్రి మిలానులో బిషప్ అంబ్రోసు చేతుల మీదుగా ఆయన పొందాడు. అక్కడి తొట్టి ఎనిమిది మూలలది. వారానికి ఏడు రోజులు, ఎనిమిదోది పునరుత్థాన దినం అన్న లెక్క.

ఇదే అగస్టీను తర్వాత పసిపిల్లల బాప్తిస్మానికి పెద్ద వాదకుడయ్యాడు. జన్మపాపం అందరిదీ, కాబట్టి కృప కూడా అడగకముందే రావాలి అన్నది ఆయన మాట. అంతకంటే దూరం పోయిన వాదన ఇంకొకటి ఉంది. హింసాకాలంలో జడిసి లేఖనాలను అప్పగించిన గురువులు ఇచ్చే సంస్కారాలు చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో డోనటిస్టులు వేరుపడ్డారు. అగస్టీను జవాబు సూటిగా ఉంది: పేతురు ఇచ్చినా యూదా ఇచ్చినా బాప్తిస్మమిచ్చేది క్రీస్తే. ఇచ్చిన మనిషి చెడ్డవాడైతే నీళ్ళు చెడిపోవు. కథోలిక సంఘం ఈ సూత్రాన్ని ఎంతవరకు లాగిందంటే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు క్రైస్తవుడు కాని మనిషి కూడా, సంఘం ఉద్దేశంతో నీళ్ళు పోసి ఆ మాటలు పలికితే జ్ఞానస్నానం చెల్లుతుంది. ఇవ్వడం పూర్తిగా దేవుడిదైతే ఇంతదాకా రావలసిందే. తర్కానికి తలవంచిన ధైర్యం అది.

ఎదుటి తర్కం 1525 జనవరి 21న జ్యూరిక్‌లో బయటికొచ్చింది. కాన్రాడ్ గ్రేబెల్ అనే యువకుడు జార్జ్ బ్లౌరాక్‌కు మళ్ళీ బాప్తిస్మమిచ్చాడు. మళ్ళీ అన్నది ఎదుటివాళ్ళ మాట. గ్రేబెల్ వాళ్ళ దృష్టిలో అదే మొదటిది, పసితనంలో జరిగింది బాప్తిస్మమే కాదు. రెండేళ్ళు తిరక్కుండా, 1527 జనవరి 5న, వాళ్ళ తోటివాడు ఫెలిక్స్ మాంజ్‌ను నగరపాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది రోము కథోలిక సంఘం కాదు, దాన్నుంచి విడిపోయిన సంస్కరణ పక్షమే. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ జనవరి రాత్రి గ్రేబెల్ ముంచలేదు, నీళ్ళు పోశాడు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి ఇంగ్లీషు బాప్టిస్టు సంఘం పెట్టిన జాన్ స్మిత్ కూడా పోసుకున్నాడు. అవును, తనకు తానే పోసుకున్నాడు, ఇవ్వడానికి తగిన సంఘం భూమ్మీద లేదనుకుని. ‘తీసుకోవడం’ అన్న క్రియ చివరి మెట్టు అదే. సొంతవాళ్ళే దాన్ని జీర్ణించుకోలేకపోయారు, స్మిత్ కూడా తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. ఇంగ్లీషు బాప్టిస్టులు ముంచడమే సరైన పద్ధతని ఒప్పుకోలు పత్రంలో రాసుకున్నది 1644లో. అంటే ‘ఎవరికి ఇవ్వాలి’ అన్న ప్రశ్న ముందు తేలింది, ‘ఎంత నీళ్ళు’ అన్నది తర్వాత వచ్చింది. నేటి వాదనల్లో ఈ వరుస తలకిందులైపోయింది.

ఈ యూరపు తగాదా తెలుగునేల మీద అనుకోని చోట పరీక్షకు నిలిచింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనులో జాన్ క్లౌ 1866 నుంచి పనిచేశాడు. అదే ఏడు యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ గురువు బాప్తిస్మం పొంది, తన వాళ్ళ పల్లెలన్నీ తిరిగాడు. బాప్తిస్మం కోరేవారికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ పల్లె కట్టుబాట్లకు నేరుగా తగిలేవే. 1876-78 ధాత కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. ఆ ఏడాదికి పైగా కాలంలో బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు. కూటి కోసం వస్తున్నారన్న అనుమానం ఆయనకే ఉంది. కరువు సాయం డబ్బు అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం కదల్లేదు. 1878 జులై 2న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి బాప్తిస్మమిచ్చారు. మూడు రోజుల్లో 3,536. ఏడాది ముగిసేసరికి 9,606.

జులై 3న నీళ్ళలో నిలబడింది మిషనరీ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ, గట్టున గుమాస్తాలు పేర్లు చదువుతుంటే, పొద్దున సాయంత్రం కలిపి సుమారు తొమ్మిది గంటల్లో ముగించారు. ఈ లెక్క ప్రపంచంలోని బాప్టిస్టులకు పెద్ద ఆయుధమైంది. అపొస్తలుల కార్యాలు చెప్పే పెంతెకొస్తు దినాన మూడు వేలమందిని ఒక్క రోజులో ముంచడం అసాధ్యం, చిలకరించే ఉంటారని వాదించేవాళ్ళకు ఒంగోలును చూపించడం మొదలుపెట్టారు. ఆరుగురితో రెండు వేలైతే, పన్నెండుమంది అపొస్తలులతో మూడు వేలు ఒక లెక్కా?

ఆయుధానికి రెండో అంచు కూడా ఉంది, దాన్ని మాత్రం ఎక్కువమంది చూడలేదు. బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం ప్రతి మనిషీ విడిగా నమ్మి, విడిగా ఒప్పుకుని రావాలి. గుండ్లకమ్మకు వచ్చింది పల్లెలకు పల్లెలు, చుట్టరికాలకు చుట్టరికాలు. పేర్లు ఒక్కొక్కటే చదివారు, నిర్ణయం మాత్రం చెట్టుకింద పెద్దలందరూ కూర్చుని తీసుకున్నది. అపొస్తలుల కార్యాల్లో లూదియ ‘ఇంటివారు’, ఫిలిప్పీ చెరసాల నాయకుడి ‘ఇంటివారందరు’ బాప్తిస్మం పొందారన్న వాక్యాలు ఐరోపాలో పసిపిల్లల వాదానికి ఊతం. ఒంగోలు పల్లెల్లో చూస్తే, ఒక ఇల్లు మొత్తం ఒక మాటమీద నిలబడడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. అది ఒంటరి మనస్సాక్షి మాటా కాదు, గొర్రెల మంద కదలికా కాదు. ఊరి కట్టుబాటుకు వెలిగా ఉంచినవాళ్ళు తమ పేరును మొదటిసారి ఒక పుస్తకంలో రాయించుకున్న సంగతిని ‘తీసుకున్నారు’ అనాలా, ‘పొందారు’ అనాలా? రెండూ చాలవు.

మిషను సంఘాలు జిల్లాలను పంచుకోవడంతో తెలుగువాళ్ళ బాప్తిస్మం చాలాకాలం భూగోళం ప్రకారం నడిచింది. 1842లో మిషనరీ హయ్యర్ వచ్చిన గుంటూరులో లూథరన్లు, కాబట్టి పసిబిడ్డ తలమీద నీళ్ళు. దాని పక్కనే ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టులవి, కాబట్టి నిలువు మునక. దోర్నకల్ ఆంగ్లికన్లది, మెదక్ వెస్లియన్లది. అత్తవారింటికి వెళ్ళిన పిల్లకు ‘నీది బాప్తిస్మమే కాదు’ అన్న మాట ఎదురయ్యేది. లూథరన్లకు దీనికి లూథరే జవాబు నేర్పాడు. శోధన వచ్చినప్పుడు ‘నేను బాప్తిస్మం పొందినవాణ్ణి’ అని చెప్పుకోమన్నాడు. నా నమ్మకం ఊగినా నాకిచ్చిన మాట ఊగదు అని దాని భావం. దోర్నకల్‌లో 1912లో బిషప్ అయిన అజరయ్య ఇంకో కొస పట్టుకున్నాడు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, ‘సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ’ అనిపించేవాడు. నీళ్ళు పడిన తలే మాట ఇవ్వాలి.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం రెండు పద్ధతులకూ చోటిచ్చింది. పిల్లప్పుడు చిలకరిస్తే పెద్దయ్యాక తన నోటితో విశ్వాసం ఒప్పుకునే నిర్ధారణ. లేదంటే పెద్దయ్యాకే మునక. అంటే రెండు మాటలనూ రెండు రోజుల్లో విడదీసి దాచుకుంది. 1982లో లీమాలో ప్రపంచ సంఘాల మండలి వేదికమీద తయారైన పత్రం కూడా మళ్ళీ బాప్తిస్మమిచ్చినట్టు కనిపించే పనులేవీ చేయొద్దని కోరింది. పల్లెల్లో మాత్రం ఇది ఆగలేదు. చర్చిలో పసితనంలో నీళ్ళు పడ్డవాళ్ళు స్వతంత్ర సంఘంలో చేరి కాలువలోనో తొట్టిలోనో మళ్ళీ మునుగుతూనే ఉన్నారు. అలా మునిగిన వాళ్ళను తప్పుపట్టడం తేలిక. కానీ పన్నెండేళ్ళకు చదివించే నిర్ధారణ పాఠం బట్టీ పట్టడంగా మారిన చోట, తన నోటితో ఒక్కసారైనా ‘అవును’ అనాలన్న ఆకలి తీరకుండా మిగిలిపోతుంది.

బాప్తిస్మం లేకుండా రక్షణ ఉందా అన్నది విశ్వాసులు ఎక్కువగా అడిగే ప్రశ్న. పెంతెకొస్తు నాడు పేతురు పాపక్షమాపణ కోసం బాప్తిస్మం పొందమన్నాడు. చర్చ్ ఆఫ్ క్రైస్ట్ సంఘాలు దాని మీదే నిలబడతాయి. సిలువ మీది దొంగకు నీళ్ళు దొరకలేదు. అపొస్తలుల కార్యాల్లో కొర్నేలీ ఇంట్లో ఆత్మ ముందు దిగాడు, నీళ్ళు తర్వాత వచ్చాయి. స్టువర్ట్‌పురం సెటిల్‌మెంటును నడిపిన సాల్వేషన్ ఆర్మీ అసలు నీటి బాప్తిస్మమే పాటించదు. వీటన్నిటినీ పక్కపక్కన పెడితే తేలేది ఇంతే: దేవుడు నీళ్ళకు కట్టుబడి లేడు, కానీ కొత్త నిబంధన రచయితల ఊహలో బాప్తిస్మం లేని విశ్వాసి అనే మనిషి దాదాపు లేడు. మినహాయింపులను నియమంగా చేసుకోవడం ఆ పుస్తకానికి అన్యాయం.

నేటి భారతంలో అలాంటి మనిషి ఉన్నాడు, చాలామంది ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవుడైన దళితుడు బీసీ-సి కిందికి వస్తాడు. అందుకే ప్రతి ఆదివారం చర్చికి వచ్చి, పాటలు పాడి, కానుక వేసి, నీళ్ళ దగ్గర మాత్రం ఆగిపోయే కుటుంబాలున్నాయి. రిజిస్టరులో పేరు పడితే ఉద్యోగం ప్రశ్న అవుతుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకరికి ఎస్సీ సర్టిఫికెట్ నిరాకరించింది. పసితనంలో జరిగిన జ్ఞానస్నానాన్నీ, ఆ తర్వాత ఆమె చర్చికి వెళ్తూ ఉండడాన్నీ కలిపి చూసింది. పొత్తిళ్ళలో ఉన్న బిడ్డ మీద పడిన నీళ్ళు బిడ్డ మాటేనా అన్న ప్రశ్న దైవశాస్త్ర పండితుల చేతుల్లోంచి న్యాయమూర్తుల బల్ల మీదికి వచ్చింది.

అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో వెళుతూ, దారిపక్క నీళ్ళు చూసి ఫిలిప్పును అడుగుతాడు: ‘ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి?’ ముప్పయ్యారో వచనం అది. ముప్పయ్యేడులో ఫిలిప్పు ‘పూర్ణహృదయంతో నమ్మితే పొందవచ్చు’ అంటాడు, అతను ఒప్పుకోలు చెబుతాడు. ఆ వచనం అతి పాత చేతిరాత ప్రతుల్లో లేదు. మనిషి ఏదో ఒకటి చెప్పకుండా నీళ్ళలోకి దిగడమేమిటని ఎవరో లేఖకుడికి వెలితిగా అనిపించి ఉంటుంది. పాత ప్రతుల్లో ప్రశ్నకు జవాబు లేదు. రథం ఆగింది, ఇద్దరూ నీళ్ళలోకి దిగారు.